అందిన నేల

బండిని లేపడానికి ముగ్గురు పట్టారు. అమర్‌నాథ్ హ్యాండిల్ దగ్గర, కూతురు ప్రియ వెనక సీటు దగ్గర, ఎదురింటి ముసలాయన తోటపని చేతితొడుగులతోనే పరుగెత్తుకొచ్చి మధ్యలో. కస్తూరి కూడా చెయ్యి వేయబోయింది గాని ఎవరూ దగ్గరికి రానివ్వలేదు. బండి ఆమెదే. దానితోపాటు పడిందీ ఆమే.

"జరుగు బిడ్డా, చేతులు జాగ్రత్త," అంది అత్తగారు కమలాబాయి. కోడలు హాస్పిటల్లో ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరని, ఆ చేతులు మామూలు చేతులు కావని ఆవిడ ఎప్పుడూ మరిచిపోదు.

ముందు చక్రం కింద పెట్టిన నిమ్మకాయ నిక్షేపంగా ఉంది. వెనక చక్రం కిందిదీ అంతే. సోహో రోడ్డులోని ఇండియన్ కొట్ల నుంచి తెచ్చిన బంతిపూల దండ మాత్రం ఇంటి ముందు డ్రైవ్‌వే మీద నలిగి ముద్దయింది. కుడివైపు అద్దం పగిలింది. కస్తూరి మోచెయ్యి కమిలిపోయింది. లెదర్ జాకెట్ ఉండబట్టి అంతటితో సరిపోయింది.

పూజ ఆలోచన కమలాబాయిది. ఆవిడ హనుమకొండ నుంచి వచ్చి బర్మింగ్‌హామ్‌లో దిగేసరికి కోడలు బండి కొని నెల దాటింది. నెల రోజులుగా పూజ లేకుండా తిరుగుతున్న బండిని చూశాక ఆవిడకు నిద్ర పట్టలేదు. కస్తూరి నైట్ డ్యూటీల వారం ఎప్పుడైపోతుందా అని కాచుకుని, ఆదివారం పొద్దుటికి ముహూర్తం పెట్టింది. పక్క వీధి గిరిజ ఆంటీని పిలిచింది. ట్యాంకుకు పసుపు, కుంకుమ పెట్టింది. కొబ్బరికాయ కాలిబాట అంచుకు కొట్టింది. ఇక కోడలు బండెక్కి నిమ్మకాయల మీదుగా నడిపితే పని పూర్తవుతుంది.

కస్తూరి నెల రోజుల నుంచి ఎక్కుతున్నట్టే ఎక్కింది. బండి సైడ్ స్టాండు మీద ఉండగానే ఎడమ పాదం ఫుట్‌రెస్ట్ మీద మోపి, కుడి కాలు అవతలికి వేసింది. రోజూ ఆ సమయంలో బండి ఎడమకు వాలి స్థిరంగా ఉండేది. ఆ రోజు అలా లేదు. ఆమె బరువు కుడివైపుకు రాగానే బండి కూడా ఆమెతోపాటు కుడివైపుకే వచ్చేసింది.

"మనం మనకు తగ్గదే కొనుక్కోవాలమ్మా," అంది గిరిజ ఆంటీ. ఆవిడ గొంతులో ప్రేమే ఉంది, దానికేం లోటు లేదు.

 అమర్‌నాథ్ స్టాండు వంక చూస్తూ నిలబడ్డాడు.

*

ప్రియ మొదటి నుంచీ ఫోన్‌లో వీడియో తీసింది. నానమ్మ అడగడమే ఆలస్యం, దాన్ని చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. భోజనాల వేళకు హనుమకొండలోనూ, కరీంనగర్‌లోనూ, దుబాయిలోనూ కస్తూరి పడటం చూడని చుట్టం లేడు. నవ్వు బొమ్మలు వరసగా వచ్చాయి. ఒక మేనత్త మాత్రం కొబ్బరికాయ కుళ్లిందా అని అడిగింది.

పులిహోర వడ్డించారు.

కమలాబాయే ముందు నోరు విప్పింది. దేవుడు ఒక్కసారే చెబుతాడని, రెండోసారి చెప్పేదాకా ఆగడం తెలివిగల వాళ్ల పని కాదని, చక్కగా కారు ఉండగా ఈ ఎగురుడు దేనికని అంది. మాటలో ఎక్కడా కోపం లేదు. ఆవిడ భయపడింది. కాళ్లు నేలకందని మనిషి కోసం ఆ బండి తయారు చేయలేదని చివరికి తేల్చింది.

"అమ్మేద్దాం," అంది కస్తూరి.

ప్రియ తలెత్తింది. "మమ్, యూ లవ్ దట్ బైక్," అంది.

కస్తూరి భర్త వైపు తిరిగి, "రేపో ఎల్లుండో షోరూముకు ఫోన్ చేస్త. మీరేమంటరు?" అని అడిగింది. వాళ్లిద్దరూ వరంగల్‌లో ఒకే బ్యాచ్‌లో చదివారు. ఇద్దరే ఉన్నప్పుడు నువ్వు అనే అంటుంది. అత్తగారి ముందు మాత్రం మీరు.

అమర్‌నాథ్ పెరుగన్నం కలుపుతున్నాడు. ఆ క్షణంలో అతడు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. నోట్లో ముద్ద ఉండగా చెప్పినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

"నీ ఇష్టం," అన్నాడు.

*

ఆ బండి కోసం కస్తూరి పడ్డ పాట్లు ఇంట్లో అందరికీ తెలుసు. ఆమెది అయిదడుగులకు కాస్త తక్కువ ఎత్తు. షోరూములో అడుగు పెడితే చాలు, సేల్స్‌మెన్ ఆమెను మర్యాదగా పక్కకు నడిపించి పడక్కుర్చీల్లాంటి పొట్టి బళ్ల దగ్గర నిలబెట్టేవాళ్లు. ఆమె ఎక్కి చూసేది. సీటు ఎత్తు తక్కువే, కానీ వెడల్పు ఎక్కువ. తొడలు పక్కలకు చాపుకోవడానికే కాళ్ల పొడవు సరిపోయేది. పైగా ఆ బళ్లు బరువు.

ఈ నీలం స్పోర్ట్ బండి సీటు చూడటానికి ఎత్తు. కానీ ముందు భాగం సన్నగా ఉంటుంది. ఆగేటప్పుడు నడుము కాస్త ఎడమకు జరిపితే ఎడమ పాదం గట్టిగా ఆనుతుంది, కుడి పాదం బ్రేకు మీద ఉంటుంది. రెండు పాదాలూ ఆనాలన్న పంతం వదిలేస్తే ఒక్కటి చాలు. ఈ సంగతి ట్రైనింగ్‌లో తెలిసిన రోజున ఆమె ఇంటికొచ్చి వంట చేస్తూ కూడా నవ్వుకుంది.

ఆ తర్వాత మిగిలినవీ నేర్చుకుంది. ఆగబోయే ముందు రోడ్డు ఏ వైపుకు వాలుందో చూసుకోవాలి, ఎడమవైపు నేల ఎత్తుగా ఉన్న చోటే ఆపాలి. వెనక్కి నెట్టుకోవలసిన అవసరం రాకుండా ముక్కు రోడ్డు వైపు ఉండేలా పార్క్ చేయాలి. లైసెన్సు పరీక్షలో యూ టర్న్ దగ్గర మొదటిసారి కాలు కింద పెట్టి ఫెయిలైంది. రెండోసారి పెట్టలేదు.

అలాంటి బండి, కదలకుండా నిలబడి ఉండగా, తొమ్మిదో తరగతి పిల్ల కూడా పడని తీరులో తనను పడేసింది. రాత్రంతా కస్తూరి దాన్ని గురించే ఆలోచించింది. అందరూ అన్నదే నిజమేమో అనిపించింది. మోచేతి నొప్పి కన్నా అదే ఎక్కువ నొప్పిగా ఉంది.

*

సోమవారం సాయంత్రం ఎండ ఇంకా తగ్గలేదు. జూన్ నెల కదా, ఇక్కడ ఎండకు ఇంటికి వెళ్లే తొందర ఉండదు. అమ్మబోయే బండికి కుంకుమ మరకలు బాగుండవని తడిగుడ్డ తీసుకుని కస్తూరి గ్యారేజీలోకి వెళ్లింది.

ట్యాంకు తుడిచింది. గోడకు ఆనించిన బండిని స్టాండు మీద నిలబెడదామని చూస్తే అది వాలవలసినంత వాలలేదు. నిటారుగా నిలబడింది. నిన్న పడ్డప్పుడు స్టాండు వంగిందేమో అనుకుంది. బ్రేకు పట్టుకుని, జాగ్రత్తగా, చివరిసారి కదా అని ఎక్కి కూర్చుంది.

రెండు మడమలూ నేలకు ఆనాయి.

కస్తూరికి నలభై రెండేళ్లు. ఆ వయసులో ఎవరూ పొడుగవరు. ఆమె కదలకుండా కూర్చుంది. హాయిగా ఉంది. ఆ హాయి మీదే ఆమెకు మొదట కోపం వచ్చింది.

దిగి, ఫోన్ లైటు వేసి వెనక చక్రం ముందు వంగి చూసింది. చుట్టూ ఉన్నదంతా దుమ్ము, గొలుసు నూనె. వాటి మధ్య కొత్త ఇనుప పట్టీలు రెండు తళతళలాడుతున్నాయి. వెనక సస్పెన్షన్‌ను పట్టి ఉంచే లింకులు అవి. అవి పొడుగైతే సీటు కిందికి దిగుతుంది. బండి మొత్తం కిందికి దిగాక పాత స్టాండు పొడుగైపోతుంది. స్టాండు పొడుగైతే బండి వాలదు, చిన్న బరువు పడితే అవతలికి వెళ్లిపోతుంది. నిన్న అదే జరిగింది.

గుడ్డ మడిచి పక్కన పెట్టింది. అమర్‌నాథ్ క్లినిక్ నుంచి ఇంటికి వచ్చే వేళయింది. అతడు ఊరి అవతల జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు. కారు ఆగిన చప్పుడు విని, గ్యారేజీలోంచే ఒకసారి రమ్మని పిలిచింది. అతడు వచ్చేసరికి మళ్లీ బండి మీద కూర్చుని ఉంది.

"నా కాళ్లు చూడు," అంది.

చూశాడు. చేతిలోని బ్యాగు కింద పెట్టాడు.

"ఎప్పుడు?"

"నీ నైట్స్ వారంల. నైట్స్‌కు నువ్వు కార్లనే పోతవు గద, పగటి పూట చేయించిన," అన్నాడు.

డెరెక్ అని, ఇళ్లకు వచ్చి బళ్లు బాగుచేసే మెకానిక్ ఉన్నాడు. అతడిని పిలిపించాడు. భార్యకు చెప్పకుండా ఇస్తున్న కానుక అనుకుని డెరెక్ కూడా గుట్టుగానే పని చేసి వెళ్లాడు. పైన గదిలో తెరలు వేసుకుని తాను నిద్రపోతుంటే కింద తన బండిని విప్పారన్నమాట. కస్తూరి ఆ సంగతి రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుంది.

"ఎందుకు?"

"ఒకనాడు సిగ్నల్ కాడ నీ ఎనకాల కార్ల నేనే ఉన్న. నువ్వు చూడలే. ఒంటికాలు మీద నిలబడ్డవు. నీ కుడికాలు గాల్ల ఉండె."

"బ్రేకు మీద ఉండె."

 ఆ తేడా అమర్‌నాథ్‌కు నిజంగానే తెలియదు.

స్టాండు సంగతి డెరెక్ చెప్పే వెళ్లాడట. దాన్ని కూడా కోసి పొట్టి చేయాలి, అప్పటిదాకా బండి ఎవరినీ ఎక్కనివ్వకు, మంగళవారం వస్తానన్నాడట. ఈలోగా అమ్మ ఆదివారం ముహూర్తం పెట్టింది. గోడకు ఆనించిన బండిని ముగ్గు మీదికి తెచ్చి నిలబెట్టమంది. ముహూర్తం మార్చమని ఎందుకు అడగలేదని కస్తూరి అంటే, ఎందుకు మార్చాలో చెప్పవలసి వస్తుందని ఊరుకున్నానన్నాడు. ఒక్క నిమిషం పని, ఏం కాదులే అనుకున్నాడట.

"సరే. అది ఒక తప్పు. అదెవరైనా చేస్తరు," అంది కస్తూరి. ఆమె గొంతు హాస్పిటల్లో మాట్లాడే గొంతులాగే ఉంది. "నేను పడ్డంక నువ్వేం చేసినవ్?"

అతడు కింద పెట్టిన బ్యాగు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"అత్తమ్మ అన్నది, గిరిజ ఆంటీ అన్నది. గ్రూపుల అందరు నవ్విన్రు. నేను గూడ అట్లనే అనుకున్న, నాతోని కాదని. అమ్మేద్దామన్న. అప్పుడు నువ్వు పెరుగన్నం తింటున్నవ్."

"చెప్దామనుకున్న."

"చెప్పలే."

"అవును, చెప్పలే." బ్యాగును ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "అమ్మేస్తనంటే నిమ్మళమనిపించింది కస్తూరీ. ఎట్లనన్న పోతే పోనీ అనిపించింది. క్యాజువాలిటీల పనిచేసినప్పుడు నేను చూసినయి నువ్వు చూడలే."

అది నిజం. అతడు అబద్ధాల మనిషి కాదు. నిజం చెప్పడానికి అతడికి కొంచెం ఎక్కువ సమయం పడుతుంది, అంతే. ఆ ఎక్కువ సమయంలో పక్కవాళ్లు పడిపోతుంటారు.

కస్తూరి బండి దిగింది. దిగడం ఎంత సులువుగా ఉందో ఆమెకే తెలిసింది.

"ఆపరేషన్ థియేటర్ల నాకు పీట వేస్తరు. టేబుల్ నాకు ఎత్తు అయితది గనక. నేను అడిగితే వేస్తరు. నేను అడగకముందే ఇన్నేండ్లల ఎవ్వరు తెచ్చి నా కాళ్ల కింద పెట్టలే." ఆమె కళ్లలో నీళ్లు వచ్చాయి. తుడుచుకోలేదు. "ఈ బండి ఒక్కటి నాకు పీట లేకుంట వచ్చింది."

లోపల కమలాబాయి ప్రెషర్ కుక్కర్ దింపుతున్న చప్పుడు వినిపించింది. 

బండి అమ్మనని కస్తూరి చెప్పింది. పాత లింకులు ఎక్కడున్నాయని అడిగింది. షెడ్డులో కవర్లో చుట్టి దాచానన్నాడు. పారేయలేదు. ఆ మాటకు ఆమె కోపం కొంచెం తగ్గింది గాని పైకి కనబడనివ్వలేదు.

"నేనెందుకు పడ్డనో అత్తమ్మకు నువ్వే చెప్పాలె. నేను చెప్తే, పడ్డది గాక మొగుని మీద పెడుతున్నదంటది."

"రేపు చెప్త," అన్నాడు అమర్‌నాథ్.

*

మంగళవారం డెరెక్ వచ్చాడు. పొట్టిగా కోసిన స్టాండు ఒకటి తెచ్చాడు. కస్తూరి దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, బాగుందని చెప్పి, తిరిగి ఇచ్చేసింది. పాత లింకులే బిగించమంది. డెరెక్ ఒకసారి ఆమె వైపు, ఒకసారి అమర్‌నాథ్ వైపు చూశాడు. సంసారాల మధ్యకు వెళ్లే అలవాటు లేనివాడు గనక స్పానర్ తీసుకున్నాడు.

కమలాబాయి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. పని అయిపోయి డెరెక్ వ్యాను వెళ్లిపోయాక, అమ్మేస్తానన్న బండిని మళ్లీ బాగుచేయించడం ఏమిటని కొడుకును అడిగింది.

కస్తూరి హెల్మెట్ చేతిలో పట్టుకుని ఆగింది. చెప్పడానికి ఇంతకంటే మంచి తరుణం రాదు.

"స్టాండు సరిగ లేకుండె అమ్మా," అన్నాడు అమర్‌నాథ్.

"స్టాండేం చేసింది? కాలు అందలే, పడ్డది. ఇప్పుడు ఇంక ఎత్తు చేయించింది గద," అంది ఆవిడ. ఆవిడకు కనిపించింది ఆవిడ చెప్పింది.

అమర్‌నాథ్ నేల మీది నూనె మరకను బూటు కొసతో రుద్దసాగాడు.

కస్తూరి హెల్మెట్ పెట్టుకుంది. బండెక్కింది. బండి ఎడమకు వాలి, రోజులాగే ఆమె బరువును మోసింది. కుడి మడమ గాలిలో ఉంది. ఎడమ పాదం మీద బండిని నిలబెట్టి, స్టాండు తీసి, భర్త వైపు తిరిగింది.

"నేను ఒక చుట్టు తిరిగొస్త. నేను వచ్చేలోగ నువ్వు చెప్పు."

నువ్వు. కమలాబాయి ముందు. ఆవిడ కొడుకు ముఖంలోకి చూసింది, తర్వాత కోడలి ముఖంలోకి చూద్దామంటే అక్కడ హెల్మెట్ ఉంది.

*

హార్బోర్న్ హై స్ట్రీట్ రద్దీగా ఉంది. సిగ్నల్ దగ్గర కస్తూరి నడుము ఎడమకు జరిపి, ఒక్క పాదం దించి ఆగింది. పక్కన బస్సులోంచి ఎవరో ఆమె కాళ్ల వైపు చూశారు. చూడనీ అనుకుంది. లైటు మారగానే పాదం తనంతట తానే పైకి వచ్చింది. ఆమె తప్పేమీ లేదు. ఆ మాట ఊరి నడుమ, బళ్ల చప్పుడులో, పైకే అనుకుంది. ఎవరికీ వినపడలేదు గాని ఆమెకు చాలా సంతోషంగా ఉంది.

అమర్‌నాథ్‌కు ఎంత సమయం కావాలో ఆమెకు తెలుసు. అందుకని దూరపు దారిన తిరిగి, నెమ్మదిగా వచ్చింది.

వాళ్లది వీధి చివరి ఇల్లు. డ్రైవ్‌వే మొదట్లో, ఇటుక స్తంభం పక్కన, ఎడమవైపు నేల కాస్త ఎత్తుగా ఉంటుంది. కస్తూరి ఎప్పుడూ అక్కడే ఆపుతుంది. ఆమె ఎడమ పాదం దిగే చోటు అది.

ఆ చోట వంటింటి ప్లాస్టిక్ పీట వేసి ఉంది.

కమలాబాయి దాని పక్కనే నిలబడి ఉంది. వచ్చినప్పటి నుంచి కోడలు ఎక్కడ ఆగుతుందో, ఏ కాలు దించుతుందో అన్నీ గమనించినట్టుంది. ఆవిడ ముఖంలో కోపం లేదు. నువ్వు అన్న మాటను కూడా మింగేసినట్టే ఉంది.

"మెల్లగ బిడ్డా," అని చెయ్యి ఊపింది. "దిగనీకి పీట వేసిన. కాలు అందది గదా."

గుమ్మంలో అమర్‌నాథ్ నిలబడి ఉన్నాడు. కస్తూరి అతడి వైపు చూసింది. అతడు పీట వైపు చూశాడు.

ఆమె పాదం దించలేదు. వెనక బ్రేకు కొంచెం పట్టి, తల పూర్తిగా వీధి వైపుకు తిప్పి, ఇంటి ముందున్న ఆ కాస్త జాగాలోనే బండిని గుండ్రంగా తిప్పింది. పరీక్షలో తిప్పిన దాని కన్నా ఇరుకు. రెండు కాళ్లూ ఫుట్‌రెస్టుల మీదే ఉన్నాయి. బండి మళ్లీ వచ్చిన దారినే పట్టింది.

పగలకుండా మిగిలిన ఎడమ అద్దంలో ఇల్లు కనిపించింది. అమర్‌నాథ్ గబగబా నడిచి వచ్చి పీట ఎత్తాడు. కమలాబాయి ఏదో అడిగింది. లోపలికి పట్టుకుపోతాడనుకుంది కస్తూరి. అతడు పట్టుకుపోలేదు. పీటను స్తంభం పక్కకు జరిపి, వీధిలోనే, క్లినిక్ బట్టలతోనే దాని మీద కూర్చున్నాడు. తలెత్తి తల్లితో ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. కమలాబాయి చెయ్యి నోటి దగ్గరికి వెళ్లింది.

ఏం చెబుతున్నాడో వినాలంటే బండి ఆపాలి. కస్తూరి గేరు మార్చింది.